క్రాంకు కోసం వెళ్ళిన మేనల్లుడు

ఆ ఎర్ర దీపం వెలిగినప్పుడే బండి ఆపి ఉంటే ఈ కథే లేదు. ఆపలేదు. ఎందుకు ఆపలేదయ్యా అంటే, సరిగ్గా అక్కడి నుంచే బెర్దిబెక్ వియ్యాలవారి ఊరి పొలిమేర మొదలవుతుంది. ఆ పొలిమేరలో బండి ఆగి కనబడిందా, ఇక అయిపోయినట్టే. ఎవడో ఒకడు చూస్తాడు, పరుగున వెళ్ళి చెబుతాడు, వియ్యంకుడు వచ్చి రెండు చేతులూ పట్టుకుంటాడు, గొర్రెను కోస్తారు, రెండు రోజులు కదలనివ్వరు.

"ఆపకురా," అంది వెనక సీట్లోంచి వాళ్ళమ్మ ఉమ్సిన్.

"అమ్మా, ఆయిలు దీపం వెలిగింది."

"వెలగనీ. పట్టపగలు దాన్నెవరు చూస్తారు?"

అమ్మ మాట కాదనే అలవాటు బెర్దిబెక్‌కు యాభై రెండేళ్ళొచ్చినా అబ్బలేదు. పదకొండు కిలోమీటర్లు పోనిచ్చాడు. ఇంజను ముందు కీచుమంది, తర్వాత దడదడలాడింది, తర్వాత ఇనుముకు ఇనుము కరుచుకుని పట్టేసింది. బండి దొర్లుకుంటూ వెళ్ళి వియ్యంకుడి గేటు ముందు ఆగింది. గొర్రెను కోశారు. రెండు రోజులు కదలనివ్వలేదు.

మూడో రోజు వియ్యంకుడు తన ట్రాక్టరుకు గొలుసు కట్టి బండిని వాళ్ళ ఊరు ఉష్‌తోబె దాకా ఈడ్చుకొచ్చాడు. నాలుగు గంటలు పట్టింది. ఉమ్సిన్ మాత్రం బండి దిగలేదు. వెనక సీట్లో ఎడమవైపు, తన చోట్లోనే కూర్చుని, దారిపొడుగునా దుమ్ము తింటూ వచ్చింది. ఏం చేస్తుంది మరి, ఆవిడకు వేరే బండేదీ పడదు. బస్సయితే మొదటి మలుపు తిరక్కముందే వాంతి. వ్యానయితే తలుపు తెరిచిన వాసనకే వాంతి. రైలు ఒకేఒక్కసారి ఎక్కింది, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఈ భూమ్మీద ఆవిడ కడుపుకు పడే బండి కొడుకు పాతికేళ్ళుగా నడుపుతున్న ఈ అయిదు సిలిండర్ల జర్మనీ బండి ఒక్కటే. అదిప్పుడు ఇనప మొద్దయింది.

ఇంతకీ ఆవిడ బయల్దేరింది అన్నగారింటికి. ఆయన పేరు కొజహ్మెత్, ఎనభై దాటాయి, నూట ఎనభై కిలోమీటర్ల అవతల జింగిల్దీలో పుచ్చకాయలు పండిస్తాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. కారణం ఒక మెడ ముక్క.

వాళ్ళ అక్క చనిపోయి ఏడాది నిండినప్పుడు కొజహ్మెత్ పెద్ద గుడారం వేయించి విందు పెట్టాడు. విందులో ఏ మాంసం ముక్క ఎవరి ముందుకు వెళ్ళాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇంటి ఆడపడుచు, అందులోనూ మిగిలిన ఒక్కగానొక్క చెల్లెలు, ఆవిడకు తుంటి ముక్క రావాలి. ఉమ్సిన్ ముందుకు మెడ ముక్క వచ్చింది, లెక్కలో లేనివాళ్ళకు పెట్టేది. వంటవాళ్ళు పొరబడ్డారనుకోడానికీ లేదు, అన్నగారే నలభై మంది చూస్తుండగా స్వయంగా తన చేత్తో ఆ పళ్ళెం అందించాడు. ఉమ్సిన్ దాన్ని ముట్టలేదు. టీ కూడా తాగకుండా లేచొచ్చేసింది. టీ తాగకుండా లేవడమంటే మాటలా! ఆ తర్వాత ఆయనా కబురు పెట్టలేదు, ఈవిడా పెట్టలేదు.

అప్పటి నుంచి ఉమ్సిన్ ఏటా చలికాలానికి పశువును కోసినప్పుడు ఒక మెడ ముక్క తీసి ఫ్రీజర్లో విడిగా పెట్టేది. "ఇది వాడికి. నా గడప తొక్కిన రోజున ఇదే పెడతా," అనేది. ఆయన తొక్కలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఫ్రీజర్లో చోటు చాలక ఇంటిల్లిపాదీ ఆ మెడను తినేవాళ్ళు. ఇలా ఏడు మెడలు అయిపోయాయి, ఎనిమిదోది ఉంది.

మొన్న మేలో కబురొచ్చింది. కొజహ్మెత్‌కు చూపు పోతోందట. పట్నంలో డాక్టర్లు చూసి, ఆపరేషన్లతో తిరిగొచ్చే చూపు కాదన్నారట, ఆకులు రాలేసరికి మనిషి మొహం పోల్చుకోలేడన్నారట. మర్నాడు ఉమ్సిన్ కొత్త వెల్వెట్ కోటు కుట్టించమంది.

"వాడి కళ్ళు పోకముందే నా మొహం చూడాలి," అంది. "ఎవరికి మెడ పెట్టాడో చూసుకోవాలి."

"ఫోన్లో చూపిస్తాను కదమ్మా."

"అరచేయంత మొహం చూపించుకోడానికి నేనేమన్నా దొంగనట్రా?"

అదీ సంగతి. బెర్దిబెక్ ఇంజను దింపించి, లేతు మిషను పెట్టుకున్న పాక్ అనే మెకానిక్ దగ్గర వేశాడు. పాక్ కొరియా మనిషి, తాతల కాలం నుంచీ ఉష్‌తోబెలోనే ఉన్నాడు. మాట తక్కువ. కొలిచే పరికరం కళ్ళద్దాల కంటే దగ్గర ఆయనకు. ఇంజను విప్పి, లోపలికి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరు చంపారు దీన్ని?"

"మా వియ్యాలవారి ఊరు, పాకన్నా."

"ఊఁ." ఆయనకూ వియ్యాలవారున్నారు, ఇంకేం అడగలేదు. పాత కేలండరు చించి వెనక వైపు రాసిచ్చాడు. పిస్టన్లు అయిదు, ఒక సైజు పెద్దవి. రింగులు. బేరింగులు. ఆయిలు పంపు. మూడో సిలిండరుకు కనెక్టింగ్ రాడ్డు. అన్నిటికంటే కింద, రెండు గీతలు కొట్టి, క్రాంకు, పిస్టన్లన్నీ కలిసి తిప్పే పెద్ద ఇరుసు.

"పాత క్రాంకునే సాన పట్టకూడదా అన్నా?"

"నాలుగుసార్లు పట్టారు ఇప్పటికే. ఇంకోసారి పడితే గోనెసంచి కుట్టుకునే దబ్బనం మిగులుతుంది."

ఇక చూడండి బెర్దిబెక్ తిప్పలు. ఏడు వారాలు కాళ్ళరిగేలా తిరిగాడు. పిస్టన్లు మూడు తాల్దీకొర్గాన్లో దొరికాయి, రెండు అల్మాటీలో. పాక్ వాటిని ఉల్లిపాయలు తూచే కాటాలో తూచి, బరువైన రెండింటినీ లోపలి వైపు ఆకురాయితో రాసి సమానం చేశాడు. ఆయిలు పంపు ఒక కోళ్ళ ఫారం యజమాని దగ్గర దొరికింది, ఆయన దాన్ని తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు. దాని బదులు ఇటుకరాయి ఇస్తే సరేనన్నాడు. రాడ్డు కూడా దొరికింది.

క్రాంకు దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. అల్మాటీలో పాత బండ్లు విప్పి అమ్మే బజారుంది, రేకుల షెడ్లు వీధులు వీధులుగా ఉంటాయి. ఆ చివర నుంచి ఈ చివర దాకా అడిగాడు. నాలుగు సిలిండర్ల క్రాంకులు కట్టెల్లా పేర్చి ఉన్నాయి.

"అయిదుది కావాలి బాబూ."

"నాలుగుది పట్టుకెళ్ళు పెద్దాయనా. ఒకటి తక్కువైతే ఏం, నెమ్మదిగా పోతావు."

ఇంకొకడు అయిదుదే తెచ్చి చూపించాడు, వెండి రంగు పూసి తళతళలాడుతోంది. బెర్దిబెక్ ఆనందం పట్టలేక దాన్ని పసిబిడ్డలా దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పాక్ దాన్ని లేతుకు ఎక్కించి తిప్పాడు, కొలత చూపే ముల్లు కేసి చూశాడు, దించాడు.

"వంకర."

"ఎంత?"

"దీంతో బండి నడిపితే మీ అమ్మ నీ బండిలో కూడా వాంతి చేసుకుంటుంది."

బెర్దిబెక్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆగస్టు వచ్చేసింది. ఇంట్లో కొత్త కోటు మేకుకు వేలాడుతోంది. అమ్మ రోజూ పొద్దున్నే దాని దుమ్ము దులుపుతుంది, ఏమీ అడగదు. అడిగినా బాగుండేది.

"ఈ జిల్లాకు ఇలాంటి ఇంజన్లు రెండే వచ్చాయి," అన్నాడు పాక్. "ఒకటి ఇది. రెండోది నా చేతుల మీదే బాగైంది, దాని క్రాంకు ఒక్కసారే సాన పట్టాను. అది ఎక్కడుందో నీకూ తెలుసు."

తెలుసు. ఏడు వారాలుగా తెలుసు. జింగిల్దీలో కొజహ్మెత్ మామయ్య పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. ఎక్కడికి వెళ్ళడానికి బండి కావాలో, ఆ బండికి కావలసిన ఇనుము అక్కడే ఉందన్నమాట.

అడగడానికి దారి లేకపోలేదు. మేనల్లుడు జీవితంలో మూడుసార్లు మేనమామను ఏదైనా అడగొచ్చు, ఏమడిగినా మేనమామ కాదనకూడదు. కాదన్న మేనమామను ఊరు ఊరుకోదు. బెర్దిబెక్ ఒకటి నాలుగేళ్ళప్పుడు వాడేశాడు, గుర్రప్పిల్లను చూపించి అడిగితే ఇచ్చారు. రెండోది గొడవల్లో ఉంది. పదకొండేళ్ళప్పుడు మామయ్య పొలంలో దాహమేసి "మామయ్యా, ఆ పుచ్చకాయ నాకిస్తావా?" అన్నాడు. మామయ్య ఇచ్చి, "ఇది రెండోది," అన్నాడు. పుచ్చకాయ! పొలంలో నాలుగు వేల కాయలుంటే అందులో ఒకటి! ఉమ్సిన్ నలభై ఏళ్ళుగా దాన్ని ఒప్పుకోలేదు, కొజహ్మెత్ నలభై ఏళ్ళుగా దాన్ని వదల్లేదు. ఏతావాతా మూడోది మాత్రం నిక్షేపంగా ఉంది.

బయల్దేరుతుంటే ఉమ్సిన్ గుమ్మంలోకి వచ్చింది. "ఆ ముసలాణ్ణి బతిమాలకు. హక్కు అడుగు, తెచ్చుకో. నా గురించి ఒక్క ముక్క ఎత్తావో, ఊరుకోను."

జింగిల్దీలో కొజహ్మెత్ పందిరి కింద చెక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. బెర్దిబెక్ నాలుగడుగుల దూరంలో నిలబడేదాకా తల తిప్పలేదు.

"ఎవరూ?"

"నేను, మామయ్యా. బెర్దిబెక్‌ని."

"తెలుసులే. మర్యాదకు అడిగా." చేయి ముందుకు చాచాడు, కాస్త పక్కకు చాచాడు. బెర్దిబెక్ ఒక అడుగు జరిగి అందుకున్నాడు.

టీ వచ్చింది. పిండి బూరెలు వచ్చాయి. కాయ కోశారు. పశువుల గురించి, వానల గురించి, ఎవరెవరు పోయారన్న దాని గురించి మాట్లాడుకున్నారు. ఉమ్సిన్ పేరు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. మూడో కప్పుకు ముసలాయనే అన్నాడు:

"మూడోది వాడుకోడానికి వచ్చావు కదూ."

"అవును మామయ్యా. క్రాంకు కావాలి. మీ బండిది."

కొజహ్మెత్ తల ఊపాడు, లేచాడు, కర్రతో నేల తడుముకుంటూ పెరట్లోకి నడిచాడు. టార్పాలిన్ లాగాడు. అదే బండి, బెర్దిబెక్ బండికి కవల. బానెట్ ఎత్తితే లోపల ఏముంది? ఒక కోడి, దాని కింద ఏడు గుడ్లు. ఇంజను లేదు.

"అమ్మేశారా?"

"విను," అన్నాడు ముసలాయన.

బెర్దిబెక్ విన్నాడు. పొలాల అవతల, కాలువ వైపు నుంచి, గాలి మళ్ళినప్పుడల్లా సన్నగా వినిపిస్తోంది. ఆ శబ్దం పోల్చుకోడానికి అతనికి రెండు క్షణాలు పట్టలేదు. నాలుగు సిలిండర్లది కాదు, ఆరుది కాదు, కాస్త కుంటినడకలా సాగే ఆ చప్పుడు అయిదుదే. ఏడు వారాల తర్వాత మొదటిసారి వింటున్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కాలువ గట్టు మీద నాలుగు ఇనప దూలాల మధ్య బిగించి ఉంది ఇంజను. పంపును తిప్పుతోంది. మనిషి తొడంత నీటి ధార కాలువలోంచి లేచి బోదెల్లోకి పారుతోంది. కనుచూపు మేరంతా పుచ్చతీగలు, కాయల్లో సగం ఇంకా పిడికిలంతే ఉన్నాయి. ఆ నీళ్ళు నాలుగు రోజులు ఆగితే ఆ ఏటికి కొజహ్మెత్‌కు తిండి లేనట్టే.

"ఎప్పటిదాకా తోడాలి మామయ్యా?"

"సెప్టెంబరు సగం దాకా. ఆ పైన పాక్ దగ్గర పని ఎన్నాళ్ళు?"

"మూడు వారాలంటున్నాడు."

ముసలాయన నోటితో లెక్క వేసుకున్నాడు. అక్టోబరు. ఆకులు రాలిపోయే వేళ. "ఇంత తొందరేంటి? టాక్సీ నడిపేవాడివి కూడా కాదు. ఎక్కడికెళ్ళాలి నువ్వు?"

బెర్దిబెక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెప్పొద్దని ఆవిడ ఒట్టు పెట్టినంత పని చేసింది. ముసలాయన అతని మొహం ఉన్న వైపు కాసేపు చూశాడు. పైకి ఏమీ తెలియనట్టే ఉండి, కర్రతో గట్టు మట్టిని రెండుసార్లు పొడిచాడు.

"అడుగు," అన్నాడు. "హక్కు హక్కే. నోరు తెరిచి క్రాంకు అను, ఇప్పుడే ఆపించి విప్పిస్తా. కాదనడానికి నాకు వీల్లేదు. తీగలు ఎండితే ఎండుతాయి."

ఆయన నిజంగానే విప్పించేవాడు, అందులో అనుమానం లేదు. బెర్దిబెక్ నీళ్ళ వైపు చూశాడు. పాక్ రాసిచ్చిన కాగితం జేబులో ఉంది, అందులో అన్నిటికీ టిక్కులున్నాయి, చివరిదానికి తప్ప. క్రాంకు తీసుకుంటే అమ్మ ఇక్కడికొచ్చి ఎండిన పొలంలో కూర్చున్న అన్నను చూస్తుంది. తీసుకోకపోతే అన్న ఆమెను ఎప్పటికీ చూడడు. ఈయన తనంతట తానుగా చెల్లెలి గడప తొక్కడు, టీ తాగకుండా లేచిపోయిన చెల్లెలింటికి పెద్దవాడు ఎలా వెళ్తాడు? ఆవిడా కబురు పెట్టదు. ఛీ, ఇదేం పంతం, ఇద్దరికీ కలిపి నూట యాభై ఏడేళ్ళు! అతనికి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మాట బయటికొచ్చేసింది.

"క్రాంకు వద్దు మామయ్యా. మూడోది అడుగుతున్నా. మీరు కావాలి."

"ఏమన్నావు?"

"మీరు. మొత్తం మనిషి. మా ఇంటికి రావాలి. రేప్పొద్దున బస్సుకి."

ఇంజను తన పాటికి తను కొట్టుకుంటోంది. ముసలాయనకు కాదనడానికి లేదు. అది ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని బెర్దిబెక్‌కూ తెలుసు.

"దొంగ వెధవా," అన్నాడు చివరికి. "హక్కు కాబట్టి వస్తున్నా. గుర్తుపెట్టుకో. నా అంతట నేను రావట్లేదు."

"గుర్తుంటుంది మామయ్యా."

"మీ అమ్మకు కూడా అదే చెప్పు." ఇంటివైపు ఆయన నడిచిన వేగానికి బెర్దిబెక్ వెనకబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి వస్తుంటే ఉమ్సిన్ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ముందు కొడుకు చేతుల్లో క్రాంకు ఉందేమోనని చూసింది. రెండు పుచ్చకాయలున్నాయి. తర్వాత వెనకాల కర్ర చప్పుడు చేసుకుంటూ వస్తున్న మనిషిని చూసింది. తడి దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

"నన్ను హక్కు కింద పట్టుకొచ్చాడు నీ కొడుకు," అన్నాడు కొజహ్మెత్, దుప్పటి వైపు తిరిగి.

"నేనిటున్నా," అంది ఉమ్సిన్. దుప్పటి అక్కడే వదిలేసి లోపలికెళ్ళింది. బయటికొచ్చేసరికి ఒంటి మీద వెల్వెట్ కోటు ఉంది, ఆ ఎండలో. ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను ఎదురుగా, వెలుతురు మొహాన పడేలా కూర్చుంది.

"చూడు."

ఆయన ముందుకు వంగాడు. ఇంకా వంగాడు. తలను కోడిలా అటు తిప్పి, ఇటు తిప్పి, చూపు మిగిలిన మూల నుంచి చూశాడు.

"ముసలిదానివైపోయావే."

"నువ్వేదో పెళ్ళికొడుకువైనట్టు."

"ఆ పుచ్చకాయ," అన్నాడాయన. "ఆ పదకొండేళ్ళప్పటిది. అది లెక్కలోంచి తీసేస్తున్నా. నిన్నటిది రెండోది. వీడికింకా ఒకటుంది. సెప్టెంబరులో వచ్చి క్రాంకు అడగమను."

గుమ్మంలో నిలబడ్డ బెర్దిబెక్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ అమ్మ మొహం చూసి ఆగిపోయాడు. నలభై ఏళ్ళ వ్యాజ్యం గెలిచిన మనిషిలా లేదావిడ.

"పుచ్చకాయ సరే," అంది. "మెడ సంగతేంటి?"

కొజహ్మెత్ రెండు చేతులూ కర్ర మీద పెట్టుకున్నాడు. "గుడారంలో మసక చీకటి. రెండు పళ్ళేలు నా ముందు పెట్టారు. అప్పటికే నాకు... అప్పుడప్పుడే మొదలైంది, ఉమ్సిన్. ఎవరికీ చెప్పలేదు. ఏది తుంటో ఏది మెడో కనబడలేదు. తడిమి చూద్దామంటే నలభై మంది చూస్తున్నారు. కుడిచేతి వైపు ఉన్నది ఎత్తి ఇచ్చేశా. నువ్వు లేచి వెళ్ళాక గానీ నాకు తెలియలేదు."

"ఆ మాట అప్పుడే చెప్పి చావొచ్చుగా!"

"గుడ్డివాణ్ణవుతున్నానని చెప్పాలా? అంతమంది ముందు?"

ఉమ్సిన్ లేచి వంటింట్లోకెళ్ళింది. ఫ్రీజరు తలుపు తెరుచుకున్న చప్పుడైంది, పెద్ద డేగిసా దించిన చప్పుడైంది. కాసేపటికి బెర్దిబెక్ కట్టెలు పట్టుకెళ్ళాడు. ఆవిడ పొయ్యి ముందు నిలబడి కొత్త కోటు చేతితో కళ్ళు తుడుచుకుంటోంది. డేగిసాలోకి తొంగిచూశాడు. మెడ ముక్కా ఉంది, తుంటి ముక్కా ఉంది, రెండూ పక్కపక్కనే ఉడుకుతున్నాయి.

"అమ్మా, ఏది పెడతావు?"

"కట్టెలు అక్కడ పెట్టి పో."

నేల మీద భోజనాల బట్ట పరిచారు, అందరూ చుట్టూ కూర్చున్నారు. ఉమ్సిన్ పళ్ళెం తనే మోసుకొచ్చి అన్నగారి ముందు పెట్టింది. కొజహ్మెత్ ఈసారి సిగ్గుపడలేదు. అందరూ చూస్తుండగానే వేళ్ళతో తడిమాడు, ఎముక వెడల్పు చూశాడు, గుంట చూశాడు. వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది తుంటి."

"ఊఁ."

"పొరపాటున నా ముందు పెట్టావేమో, చూసుకో."

"నా కళ్ళు బాగానే ఉన్నాయి అన్నయ్యా," అంది ఉమ్సిన్. "తిను."